రుసుముకు తగిన పని దొరుకుతుందా? నెల్లూరు జిల్లాలో ఒక ఐట్రిపుల్‌ఈ విద్యార్థి శాఖపై సమీక్ష

ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరిన విద్యార్థులూ, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులూ ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. కళాశాల ఫీజు, బస్సు ఫీజు, పరీక్ష ఫీజు కట్టిన తరువాత మళ్ళీ ఈ ఐట్రిపుల్‌ఈ (ఐఈఈఈ) అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం సభ్యత్వానికి కూడా డబ్బు కట్టాలా, కడితే ఏమొస్తుంది అని. నెల్లూరు జిల్లాలో జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థి శాఖలో మొదట వాలంటీరుగా, తరువాత కోశాధికారిగా పనిచేసినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. కళాశాల పేరు చెప్పడం లేదు. ఇక్కడ మెచ్చుకున్నవైనా, తప్పుపట్టినవైనా కావలి నుంచి గూడూరు దాకా ఏ కళాశాలలో చదివినవారికైనా తెలిసిన సంగతులే కాబట్టి పేరుతో పని లేదు.

ముందుగా సంస్థ గురించి క్లుప్తంగా చెప్పాలి. 1884లో అమెరికాలో ఏర్పడిన విద్యుత్ ఇంజినీర్ల సంఘమూ, 1912లో ఏర్పడిన రేడియో ఇంజినీర్ల సంఘమూ 1963 జనవరి 1న కలిసిపోగా ఏర్పడినదే ఐట్రిపుల్‌ఈ. ప్రపంచాన్ని రీజియన్లుగా విభజించుకున్న ఈ సంస్థలో మన దేశం ఆసియా పసిఫిక్ ప్రాంతమైన పదో రీజియన్ కిందికి వస్తుంది. కళాశాలలో ఉండే విద్యార్థి శాఖ ఈ నిర్మాణంలో అన్నిటికంటే కింది మెట్టు. అధ్యాపకులలో ఒకరు కౌన్సిలరుగా ఉంటారు. చైర్, వైస్ చైర్, కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో విద్యార్థులే ఉంటారు. సాంకేతిక విద్య కోసం ఏర్పడిన భారతీయ సంఘం ఐఎస్‌టీఈలో విద్యార్థి సభ్యత్వం కోర్సు మొత్తానికి ఒకసారి కడితే సరిపోతుంది. ఐట్రిపుల్‌ఈ సభ్యత్వాన్ని మాత్రం ఏటా పునరుద్ధరించుకోవాలి. ఉద్యోగస్థులు కట్టే దానితో పోలిస్తే విద్యార్థి రుసుము చాలా తక్కువే అయినా, హాస్టల్ మెస్ బిల్లుతో కలిపి చూసుకునే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

ఆ డబ్బుకు నేరుగా చేతికి వచ్చేవి ఏమిటంటే స్పెక్ట్రమ్ పత్రిక, విద్యార్థుల కోసం వెలువడే పొటెన్షియల్స్ పత్రిక, సంస్థ పేరుతో ఒక ఈమెయిల్ చిరునామా, సదస్సుల నమోదు రుసుములో రాయితీ. ఎక్స్‌ప్లోర్ డిజిటల్ గ్రంథాలయంలోని పరిశోధన పత్రాలన్నీ సభ్యత్వంతో ఉచితంగా వస్తాయని సభ్యత్వ నమోదు రోజుల్లో తరగతి గదుల్లో చెప్పే మాట సరైనది కాదు. పత్రాల సారాంశాలు సభ్యత్వం లేనివారు కూడా చదువుకోవచ్చు, పూర్తి పాఠానికి మాత్రం విడిగా చందా కావాలి. కళాశాల గ్రంథాలయం ఆ చందా కడుతుంటే క్యాంపస్‌లో కూర్చుని సభ్యత్వంతో నిమిత్తం లేకుండానే చదువుకోవచ్చు. కాబట్టి చదువుకోవడానికి మాత్రమే సభ్యత్వం తీసుకోవాలనుకునేవారు ముందు లైబ్రేరియన్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది. నా అభిప్రాయంలో ఈ రుసుము ఎంత మేరకు గిట్టుబాటు అవుతుందన్నది పూర్తిగా శాఖ చేసే కార్యక్రమాల మీద, వాటిలో మనకు అప్పగించే పని మీద ఆధారపడి ఉంటుంది.

కార్యక్రమాలలో ఎక్కువ భాగం సెమినార్ హాలులో జరిగే అతిథి ఉపన్యాసాలు, మా శాఖ పనితీరులో అన్నిటికంటే బలహీనమైనవి కూడా అవే. విజయవాడ వైపు నుంచి పిలిచే అతిథికి పినాకిని ఎక్స్‌ప్రెస్ చక్కగా కుదురుతుంది. ఉదయం ఆ బండిలో దిగి, సాయంత్రం చెన్నై నుంచి తిరిగి వచ్చే అదే పేరుగల బండిలో వెళ్ళిపోవచ్చు. ఆ మధ్యలో దొరికిన సమయాన్ని ఎలా వాడుకున్నామన్నదే అసలు సంగతి. ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీది పెద్దలందరికీ పుష్పగుచ్ఛాలు, విభాగాధిపతి తొలిపలుకులు, ప్రిన్సిపాల్ సందేశం పూర్తయ్యేసరికి భోజనాల వేళ దగ్గరపడుతుంది. అతిథి తన స్లయిడ్లను మూడు నాలుగు చొప్పున దాటిస్తూ ముగించగానే శాలువా, జ్ఞాపిక, సామూహిక ఛాయాచిత్రం. ప్రశ్నలకు సమయం మిగలదు, మిగిలినా మొదటి వరుస అధ్యాపకులది, రెండో వరుస నిర్వాహకులది కావడంతో వెనుక కూర్చున్నవారికి మైకు చేరదు. హాజరు వేస్తామన్న హామీతో నిండిన హాలు, హాజరు కాగితం తిరిగి వచ్చిన తరువాత ఎంత తొందరగా ఖాళీ అవుతుందో మా అతిథులు కూడా గమనించే ఉంటారు.

ఇందుకు మినహాయింపుగా చెప్పదగిన ఉపన్యాసం ఒకటి జరిగింది. పదవీ విరమణ చేసిన విద్యుత్ శాఖ ఇంజినీరు ఒకరు స్లయిడ్లు లేకుండా, బోర్డు మీద సుద్దముక్కతో మాట్లాడారు. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోతకు గురైన రోజులను ఆధారంగా తీసుకుని, నీళ్ళలో చిక్కుకున్న సబ్‌స్టేషన్‌కు మళ్ళీ సరఫరా ఇచ్చే ముందు ఏ వరుసలో ఏమేమి పరీక్షించాలి, ఎక్కడ తొందరపడితే మనిషి ప్రాణం పోతుంది అన్న రెండు విషయాలనే ఆయన చెప్పారు. పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా చదివి వదిలేసిన ఇన్సులేషన్ రెసిస్టెన్స్ పరీక్ష ఎందుకు చేస్తారో ఆ రోజు హాలులో ఉన్నవారందరికీ అర్థమైంది. ఆయనకు శాలువా కప్పడానికి మావాళ్ళు వెతుక్కున్నారు గానీ, అంతకు ముందటి కార్యక్రమంలోనే శాలువాలు అయిపోయాయి. దానివల్ల ఉపన్యాసానికి వచ్చిన లోటేమీ లేదు.

వర్క్‌షాపుల నాణ్యత వాలంటీర్ల ముందస్తు తయారీని బట్టి మారుతూ ఉండేది. మొదట్లో జరిగిన ఆర్డుయినో (ప్రోగ్రాము ఎక్కించి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) వర్క్‌షాపులో నలుగురికి ఒక బోర్డు ఇచ్చారు. తక్కువ ధరకు దొరికే ఆ నకలు బోర్డులలో యూఎస్‌బీ కోసం సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, దానికి విడిగా డ్రైవర్ వేయాలి. ప్రయోగశాల కంప్యూటర్లలో ఆ డ్రైవర్ లేదు, వేద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ల్యాబ్ అసిస్టెంటుకు తప్ప మరొకరికి తెలియదు, ఆయన ఆదివారం కావడంతో కోవూరులో తన ఇంట్లో ఉన్నారు. ఉదయమంతా పోర్టు కనబడటం లేదన్న కేకలతోనే గడిచింది. తరువాతి ఏడాది బాధ్యత తీసుకున్న ఇద్దరు రెండో సంవత్సరం అమ్మాయిలు ముందురోజు సాయంత్రమే ప్రతి కంప్యూటరు ముందు కూర్చుని, ఒక బోర్డును గుచ్చి, ఎల్ఈడీ వెలిగి ఆరే చిన్న ప్రోగ్రామును ఎక్కించి చూసి, పనిచేసిన వాటికి పచ్చ స్టిక్కరు, పనిచేయని వాటికి ఎర్ర స్టిక్కరు అంటించారు. మరుసటి రోజు వర్క్‌షాపు మొదలైన కాసేపటికే అల్ట్రాసోనిక్ సెన్సరుతో దూరం కొలవడం వరకు వెళ్ళింది. ఆ ఇద్దరి పేర్లు సర్టిఫికెట్ల మీద సంతకం చేసినవారిలో లేవు, ఛాయాచిత్రాల్లో కూడా లేవు. శాఖ మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదొకటి.

నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం సందర్శనకు ఎప్పుడూ సీట్లకు మించి పేర్లు వచ్చేవి. ఒక్కొక్కటి 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లను దగ్గరగా చూసే అవకాశం మన జిల్లా విద్యార్థికి బస్సు దూరంలో ఉండటం అదృష్టమే. అనుమతి లేఖ చాలా ముందుగా పెట్టుకోవాలి, బూట్లు లేకుండా రాకూడదు. అంతకు మించి చెప్పవలసింది లేదు.

నా దృష్టిలో రుసుము మొత్తం గిట్టుబాటు చేసినది పాఠశాలల కార్యక్రమం. ముత్తుకూరు వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిలకాయలకు విద్యుత్తు గురించి ప్రయోగాలు చేసి చూపాలన్నది మొదటి ఆలోచన. నిమ్మకాయ బ్యాటరీ, అయస్కాంతంతో తిరిగే రాగి తీగ వంటివి తీసుకువెళితే వారు మర్యాదగా చూశారు, చప్పట్లు కొట్టారు. అయితే మోటారు ప్రస్తావన రాగానే తరగతి స్వరూపమే మారిపోయింది. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు రొయ్యల గుంటలతో ఏదో ఒక సంబంధం ఉంది. తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) పడిపోతుందని, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలిపోతాయని, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు కాలిపోతుందని పదమూడేళ్ళ పిల్లలు మాకు వివరించారు. పగలు నీటిలోని నాచుమొక్కలు కిరణజన్య సంయోగక్రియతో ఇచ్చే ఆక్సిజన్ రాత్రి ఆగిపోతుందనీ, శ్వాసక్రియ మాత్రం రొయ్యలతో పాటు నాచుకూ తెల్లవార్లూ సాగుతుంది కాబట్టి సూర్యోదయానికి ముందు గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుందనీ వారి జీవశాస్త్రం పాఠానికి కలిపి చెప్పడమే ఆ రోజు మేము చేయగలిగిన పని.

అక్కడి నుంచి తిరిగి వచ్చిన తరువాత మూడో సంవత్సరం విద్యార్థుల బృందం ఒకటి ఫేజు పోయిన వెంటనే కాపలాదారు ఫోనుకు కాల్ చేసే పెట్టెను తయారుచేసింది. మూడు ఫేజులనూ ఆప్టోకప్లర్ల (కాంతి ద్వారా సంకేతాన్ని అందించే భాగాల) ద్వారా గమనించే చిన్న మైక్రోకంట్రోలరు, దానికి జతగా సిమ్‌తో ఫోన్ కాల్ చేసే జీఎస్ఎమ్ మాడ్యూలు, ఒక సైరను. ఇలాంటివి బజారులో దొరకవని కాదు, గుంటల దగ్గర మోటారు స్టార్టర్లను ఫోనుతో నడిపే పరికరాలు చాలామంది వాడుతున్నారు. కానీ విద్యార్థులు తమ చేత్తో సోల్డరింగ్ చేసిన వస్తువును, దాని అవసరం ఉన్న మనిషి ముందు పెట్టి, అతడు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం వేరే అనుభవం. గుంట గట్టు మీద నులకమంచం వేసుకుని ఉన్న కాపలాదారు ఆ పెట్టెను ఒకసారి తిప్పి చూసి, "బానే ఉంది గానీ అబ్బయ్యా, కరెంటు పోయిందని చెప్పే ఈ పెట్టెకి కరెంటు యాడనించి వస్తది?" అని అడిగారు. పెట్టెలో బ్యాకప్‌గా ఉన్నది చిన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ. జీఎస్ఎమ్ మాడ్యూలు కాల్ చేసే క్షణంలో లాగే కరెంటును అది ఇవ్వలేదు. అక్కడికక్కడే ఎంసీబీ (సరఫరాను ఆపే స్విచ్చు) దించి చూస్తే మాడ్యూలు రీసెట్ అయింది, ఫోను మోగలేదు.

రెండోసారి తీసుకువెళ్ళిన పెట్టెలో చార్జయ్యే లిథియం సెల్ ఉంది, కాల్ ఎత్తకపోతే రెండో నంబరుకు చేసే ఏర్పాటు ఉంది. ఈసారి సిమ్ అడ్డం పడింది. మాడ్యూలు 2జీ మీద మాత్రమే పనిచేస్తుంది, ఆ ఇంట్లో అందరి దగ్గరా ఉన్నది 2జీ సేవ లేని సంస్థ సిమ్. దానికోసం వేరే సిమ్ కొని, ప్రతినెలా రీచార్జి చేయాలంటే ఎవరు చేస్తారన్న ప్రశ్న వచ్చింది. చివరికి గుంట యజమాని ఒప్పుకుని ఆ పంట కాలానికి పెట్టెను ఉంచుకున్నారు. సెమినార్ హాలులో ఐఓటీ (పరికరాలను ఇంటర్నెట్‌తో కలపడం) మీద విన్న ఉపన్యాసాలన్నిటిలోనూ ఎవరూ చెప్పని మూడు సంగతులు, అంటే విద్యుత్ వనరు, సిగ్నలు, నెలవారీ ఖర్చు, ఆ బృందానికి ఒక గట్టు మీద తెలిశాయి. సాంకేతిక సంఘం ఆధ్వర్యంలో సమాజసేవ చేసే విద్యార్థి బృందాలకు నిధులిచ్చే ఎపిక్స్ అనే కార్యక్రమం ఐట్రిపుల్‌ఈకి ఉంది. ఇలాంటి పనులకు దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని మా శాఖలో చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఇక లెక్కల సంగతి. కోశాధికారి పని గురించి పదవి తీసుకునేముందు ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఫ్లెక్సీ షాపులో ఇచ్చే కచ్చా బిల్లును కళాశాల కార్యాలయం ఒప్పుకోదు, జీఎస్టీ నంబరున్న బిల్లు కావాలంటే షాపువారు మరొక ధర చెబుతారు. టీ, సమోసాల బండికి బిల్లు పుస్తకమే ఉండదు. ముందుగా సొంత డబ్బు పెట్టి, తరువాత వోచరు పెట్టుకుని, కౌన్సిలరు సంతకం, విభాగాధిపతి సంతకం, అకౌంట్స్ సెక్షన్ ముద్ర పడేదాకా తిరగడం మా శాఖలో వాలంటీర్ల పనిగానే ఉండిపోయింది. హాస్టల్లో ఉండి ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెట్టుకొచ్చే విద్యార్థికి ఆ డబ్బు నెలల తరబడి తిరిగి రాకపోతే అది నిజమైన ఇబ్బంది. అడ్వాన్సు ఇచ్చే పద్ధతి కోసం మేము పెట్టిన విన్నపం నేను పదవి దిగేదాకా ఫైలులోనే ఉంది. అయినప్పటికీ బడ్జెట్ వేయడం, కొటేషన్లు తెప్పించడం, ఖర్చును రాసిపెట్టడం నాకు ఏ సబ్జెక్టులోనూ రాలేదు, ఇక్కడే వచ్చింది.

మరొక లోటు బస్సుల సమయానికి సంబంధించినది. ఆత్మకూరు, పొదలకూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి వచ్చే డే స్కాలర్లకు కళాశాల బస్సు సాయంత్రం బయలుదేరితే మరొక దారి లేదు. శాఖ సమావేశాలన్నీ తరగతులు అయిపోయిన తరువాత పెట్టడం వల్ల, ఉమెన్ ఇన్ ఇంజినీరింగ్ విభాగం పేరుతో పోస్టర్లు ఎన్ని వేసినా, నిర్ణయాలు జరిగే గదిలో హాస్టల్ అబ్బాయిలే ఉండేవారు. మధ్యాహ్న భోజన విరామంలో సమావేశం పెట్టడం మొదలైన తరువాత పరిస్థితి వెంటనే మారింది. పచ్చ, ఎర్ర స్టిక్కర్ల ఆలోచన వచ్చింది కూడా అలాంటి ఒక సమావేశంలోనే.

అక్టోబరు నెల శాఖలకు పండుగ కాలం. 1884లో ఆ తొలి సంఘం సభ్యులు ఫిలడెల్ఫియాలో సాంకేతిక చర్చకు సమావేశమైన సందర్భానికి గుర్తుగా అక్టోబరు మొదటి మంగళవారాన్ని ఐట్రిపుల్‌ఈ దినంగా జరుపుతారు. ఐట్రిపుల్‌ఈ ఎక్స్‌ట్రీమ్ అనే 24 గంటల ప్రోగ్రామింగ్ పోటీని కూడా తరచుగా ఆ నెలలోనే పెడతారు. ముగ్గురి వరకు ఒక జట్టుగా పాల్గొనవచ్చు, పర్యవేక్షకులు ఒకరు ఉండాలి. సభ్యత్వం ఉన్నవారికే ప్రవేశం ఉండే ఈ పోటీ నిజంగా కష్టమైనది, ప్రాంగణ నియామకాల పరీక్షలకు ఇంతకంటే మంచి సాధన తక్కువ. అయితే మన నెల్లూరుకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కరెంటూ, ఇంటర్నెట్టూ నమ్మకంగా ఉండవు. జనరేటరుకు డీజిల్, రెండో ఇంటర్నెట్ కనెక్షను ముందే చూసుకోని ఏడాది జట్లు అర్ధరాత్రి ఫోన్ హాట్‌స్పాట్ల మీద నడిచాయి. నవంబరులో ఆరుబయట స్టాళ్ళు పెట్టాలన్న ప్రతిపాదనను ప్రతి కొత్త కార్యవర్గమూ ఉత్సాహంగా తెస్తుంది, వానే దాన్ని రద్దు చేస్తుంది.

ఒంగోలు కళాశాలలతో ఉమ్మడి కార్యక్రమాలు చేయాలన్న కోరిక చాలాకాలంగా ఉన్నా తేదీలు కుదరవు. నెల్లూరు జిల్లా కళాశాలలు అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోనివి, ప్రకాశం జిల్లావి కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోనివి. స్వయంప్రతిపత్తి ఉన్నవి తమ పరీక్షలు తామే పెట్టుకుంటాయి. వీరికి మిడ్ పరీక్షలు లేని వారం వారికి ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ వారం అవుతుంది. సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం ఒక్కటే రెండు వైపులా ఒకే రోజు జరిగేది. విశ్వేశ్వరయ్య పూర్వీకుల ఊరు మోక్షగుండం బేస్తవారిపేట దగ్గరే ఉంది కాబట్టి, ఆ రోజున కళాశాలలో పూలదండతో సరిపెట్టకుండా రెండు జిల్లాల శాఖలు కలిసి అక్కడి పాఠశాలలో ఏదైనా చేయవచ్చని ఒక జూనియరు అన్న మాట నాకు నచ్చింది. అది ఇంకా మాటగానే ఉంది.

శాఖకు ఉన్న అతిపెద్ద జబ్బు అప్పగింతలు లేకపోవడం. సీనియర్లు వెళ్ళిపోయేటప్పుడు శాఖ మెయిల్ పాస్‌వర్డ్, డ్రైవ్‌లోని ఫోటోలు, అతిథుల ఫోన్ నంబర్లు వారితోనే వెళ్ళిపోతాయి. చెన్నైలో ఉద్యోగంలో చేరిన అన్నకు ఓటీపీ కోసం షిఫ్టు మధ్యలో ఫోన్ చేయవలసి వచ్చిన సందర్భాలున్నాయి. కౌన్సిలరుగా ఉన్న అధ్యాపకులు వేరే కళాశాలకు మారితే పరిస్థితి మరీ కష్టం. జరిగిన కార్యక్రమాల నివేదికలను వీటూల్స్ అనే ఐట్రిపుల్‌ఈ వెబ్ వేదికలో నమోదు చేయడం, ఏటా కొత్త కార్యవర్గం వివరాలు పంపడం వంటివి సకాలంలో జరగకపోతే శాఖకు రావలసిన చిన్నపాటి రిబేటు కూడా రాదు.

ఈ నివేదికలే కొత్తగా చేరాలనుకునేవారికి పనికొచ్చే కొలమానం. వీటూల్స్‌లోని కార్యక్రమాల వివరాలు సభ్యులు కానివారు కూడా చూడవచ్చు. మీ కళాశాల శాఖ పేరుతో వెతికి, గడచిన ఏడాదిలో ఏమేమి చేశారో చదవండి. అన్నీ అతిథి ఉపన్యాసాలే అయితే ఆ డబ్బుకు రెండు మూడు సెన్సర్లు కొనుక్కుని ఇంట్లో ప్రయోగం చేసుకోవడం మేలు. పాఠశాలలు, వర్క్‌షాపులు, ఎక్స్‌ట్రీమ్ జట్లు కనిపిస్తే, ఆ కార్యక్రమాలను నడిపిన రెండో సంవత్సరం విద్యార్థుల్లో ఒకరిని వెతికి పట్టుకుని, పని ఎవరు చేశారు, పేరు ఎవరికి వచ్చింది, పెట్టిన డబ్బు ఎప్పుడు తిరిగి వచ్చింది అని అడగండి. మా శాఖకు సంబంధించినంతవరకు ఈ మూడు ప్రశ్నలలో మొదటిదానికి మాత్రమే మంచి జవాబు వస్తుంది, అయినా పాఠశాలల కార్యక్రమంలో చోటు దొరికే పక్షంలో చేరమనే నేను చెబుతాను. చేరేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: సభ్యత్వ సంవత్సరం డిసెంబరుతో ముగుస్తుంది, ఆగస్టు మధ్య దాటాక కొత్తగా చేరి పూర్తి రుసుము కట్టినవారికి అది మరుసటి ఏడాది డిసెంబరు దాకా నడుస్తుంది. కాబట్టి జూలైలో తరగతి గదికి వచ్చి తొందరపెట్టే సీనియర్లకు కాస్త ఆగి కడతామని చెప్పవచ్చు.